గుయ్ మనే ఆంప్, మూడో పిన్ను

గుయ్‌య్‌య్...

నా చేతుల్తో కట్టిన గిటారు ఆంప్లిఫయర్ పలికిన మొదటి పలుకు ఇది. గిటారు ఇంకా తగిలించనేలేదు. పదకొండు శనివారాలు, రెండు కాలిన వేళ్ళు, క్రెడిట్ కార్డు మీద తీరని బాకీ... అన్నీ కలిసి వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌లా మోగాయి.

ఎందుకొచ్చిన గోల అంటారా? పొద్దస్తమానం ఎవరో రాసిన కోడ్‌కి అతుకులేసే ఉద్యోగం నాది. "ఇది నేను చేశా" అని చేత్తో పట్టుకుని చూపించడానికి ఒక్క వస్తువు లేదు. అందుకని ఫెండర్ వాళ్ళు 1950లలో చేసిన చాంప్ ఆంప్, 5ఎఫ్1 సర్క్యూటు, ఎంచుకున్నా. ఉన్నవి మూడే ట్యూబులు: 12ఏఎక్స్7, 6వీ6, 5వై3. వచ్చేది సుమారు 5 వాట్లు. విడిభాగాలు కోఠీలో గుజరాతీ గల్లీ నుంచి, ట్రాన్స్‌ఫార్మర్లు ఓ వైండింగ్ షాపు నుంచి, ట్యూబులు మాత్రం విదేశాల నుంచి.

సరే, మోత వచ్చింది. మనం సాఫ్ట్‌వేరోళ్ళం కదా, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఏం చేస్తామో అదే చేశా. ట్యూబు మార్చా. ఫిల్టర్ కెపాసిటర్లు మార్చా. వైర్లు అటూ ఇటూ జరిపా. గిటారుని డెస్క్‌టాప్ కంప్యూటర్ మీదుగా ఆంప్‌కి కలిపి చూశా. ఒక్క సాయంత్రంలో నాలుగు మార్పులు! మోత తగ్గకపోగా, కందిరీగ తిరుగుతున్నట్టు జుయ్ మని ఇంకో శబ్దం తోడైంది. ఏ మార్పు వల్ల వచ్చిందో చెప్పమంటే నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు ఓ మిత్రుడు ఫోన్లో చెప్పాడు, "ప్లగ్గులో ఎర్తు వైరు పీకెయ్, పోతుంది" అని. పీకేశా. నిజంగానే కందిరీగ టక్కున ఆగింది! ఆ రాత్రి హాయిగా నిద్రపోయా.

వారం తర్వాత నాన్న వచ్చారు. ఆయన విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. "వాల్వు సెట్టా! మా చిన్నప్పుడు పంచాయితీ రేడియో కూడా ఇంతే, వేడెక్కితే గానీ పలికేది కాదు" అని ముచ్చటగా చుట్టూ తిరిగి చూశారు. చూస్తూ చూస్తూ ప్లగ్గు దగ్గర ఆగిపోయారు.

"ఎర్తేదిరా?"

"తీసేశా నాన్నా. తీస్తే మోత పోయింది."

"మోతొక్కటే పోలేదు. కాపలావాడు కూడా పోయాడు."

ఇంకేం మాట్లాడలేదాయన. ప్లగ్గు ఊడదీయించి, వెనక మూత తీయమన్నారు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలవుండచ్చు. రెసిస్టరుతో వాటిని ఖాళీ చేసి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాం. ఫ్యూజు హోల్డర్ దగ్గర నేను సోల్డర్ చేసిన కరెంటు వైరులో ఒక పోగు విడిపోయి, ఛాసిస్‌కి వెంట్రుకవాసి దూరంలో నిలబడి ఉంది.

అది తగిలి ఉంటే ఛాసిస్‌కి 230 వోల్టులు. ఛాసిస్ నుంచి కేబుల్ పైతొడుగు, అక్కణ్ణుంచి గిటారు తీగలు, అక్కణ్ణుంచి వేళ్ళు. ఎర్తు ఉంటే పోగు తగిలిన క్షణమే ఫ్యూజు ఎగిరిపోయేది. అంతకు ముందురోజే మా అక్క కొడుకు, పదేళ్ళ వాడు, ఉత్తి కాళ్ళతో నేల మీద నిలబడి అరగంట సేపు ఆ గిటారు మీటాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లోనే ఎలక్ట్రిక్ గిటారుతో షాకు కొట్టి పోయాడని నేనెప్పుడో చదివా. చదివినా పీకాను, అదీ నా తెలివి.

మర్నాడు నాన్న దగ్గరుండి ఎర్తు పెట్టించారు. తర్వాత ఒకటే రూలు: "ఒక్కసారికి ఒక్కటే ముట్టుకో. ముట్టుకున్నది రాసుకో."

ఎర్తు రాగానే కందిరీగా వచ్చింది. కంప్యూటరు కేబుల్ తీశా, పోయింది. కంప్యూటరుకీ ఎర్తుంది, ఆంప్‌కీ ఎర్తుంది, రెంటినీ కేబుల్ పైతొడుగు కలుపుతోంది. ఆ చుట్టులో తిరిగే కాస్త కరెంటే ఆ శబ్దం. తెంపాల్సిన చోటు ఆడియో దారిలో. అక్కడ చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోయింది.

ఇక అసలు గుయ్. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబుల్ని వేడిచేసే హీటరు వైర్ల నుంచి వచ్చే మోత 50 దగ్గరుంటుంది. రెక్టిఫయర్ తర్వాత మిగిలిపోయే అల మాత్రం 100. గిటారులో ఆరో తీగ మూడో మెట్టు 98 హెర్ట్జ్, దాదాపు అదే శ్రుతి. మీటి చూశా. నా మోత దానికంటే ఒక స్థాయి కింద ఉంది. అంటే హీటర్లే దొంగలు! నేను మార్చిన కెపాసిటర్లు పాపం నిర్దోషులు.

వాల్యూమ్ సున్నా చేసినా మోత తగ్గలేదు. అంటే వాల్యూమ్ తర్వాతి భాగంలో ఉంది. ఆపి, 12ఏఎక్స్7 పీకి, మళ్ళీ ఆన్ చేస్తే చాలావరకు పోయింది. అంటే ఆ ట్యూబు రెండో సగం దగ్గర. తెరిచి చూస్తే ఏముంది, హీటరు వైర్లు దాని గ్రిడ్ వైరుని ఆనుకుని తిన్నగా పడుకునున్నాయి. వాటిని జడలా మెలేసి ఛాసిస్ మూలకి తోశా. హీటరు రెండు కొసల నుంచీ గ్రౌండుకి చెరో 100 ఓమ్‌ల రెసిస్టరు పెట్టా. ఆన్ చేస్తే... ఆంప్ అసలు ఆన్ అయిందా అని అనుమానమొచ్చింది.

పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వాల్యూమ్ నిండా పెడితే ఇప్పటికీ కాస్త గుయ్ మంటుంది. కానీ అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడు నాకు తెలుసు.

అన్నట్టు, ఆఫీసులో ఓ అలర్టు విసిగిస్తోందని మూడు నెలల క్రితం మ్యూట్ చేసి పెట్టా. సోమవారం వెళ్ళగానే మొదట దాన్ని తెరిచా. ఏం కనబడిందో ఇక్కడ రాయలేను గానీ, మా మేనేజరు ముందు నిలబడటం మాత్రం నాన్న ముందు నిలబడటం కంటే తేలికే అనిపించింది.

నాన్న ఇప్పుడు ఫోన్ చేస్తే "తిన్నావా" అనడానికి ముందు అడిగేది ఒకటే.

"ఎర్తు ఉందా?"

ఉంది నాన్నా.