లైట్‌హౌస్ గాడు, భీమిలి, మేం రాయని పరీక్ష

విశాఖపట్నంలో 900కె బస్సెక్కి భీమిలి వెళ్లేవాళ్లకి ఒక్కటే సలహా. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి. రుషికొండ దాటాక సముద్రం మీతోపాటే వస్తుంది. మంగమారిపేట దగ్గర ఒడ్డుకి లాగిన పడవలు, ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఫోన్ తియ్యాలని కూడా అనిపించదు.

మొన్న మే నెలలో ఒక ఆదివారం అదే బస్సులో, అదే కుడివైపు సీట్లో కూర్చుని నేను మాత్రం సముద్రం చూళ్లేదు. ఒళ్లో ఉన్న పరీక్ష అట్టని చూస్తూ కూర్చున్నా. 2020 మార్చిలో మా నాన్న కొన్న అట్ట. క్లిప్పు ఇంకా బిగుతుగానే ఉంది. ఉండదా మరి? దాని మీద ఒక్క పేపరూ రాయలేదు.

అర్థమైపోయిందిగా. మేం "కరోనా బ్యాచ్".

పదకొండు, ఆరు, సున్నా

ఆ ఏడాది ఏపీలో టెన్త్ చదివినవాళ్లకి ఈ లెక్క బాగా గుర్తుంటుంది. పరీక్షలు మార్చి 23న మొదలవ్వాలి. స్థానిక ఎన్నికలని 31కి జరిపారు. "హమ్మయ్య, ఇంకో వారం దొరికింది" అనుకుని గంతులేశాం. ఈలోగా స్కూళ్లు మూసేశారు, ఆ వెంటనే లాక్‌డౌన్. తర్వాత జులైలో పెడతాం, 11 పేపర్లు కాదు, 6 పేపర్లే అన్నారు. జూన్ 20న అవి కూడా రద్దు. అందరూ పాస్.

అందరం పాసయ్యాం, ఎవరం రాయలేదు. ఫేర్‌వెల్ లేదు, గ్రూప్ ఫొటో లేదు. చివరి పరీక్ష రోజు గేటు బయట తెల్లచొక్కాల మీద ఇంకు చల్లుకోవడం లేదు. మా సీనియర్లు అలా చల్లుకుంటుంటే గోడెక్కి చూసి, "వచ్చే ఏడాది మనమే" అనుకున్నవాళ్లం మేము. ఆ పని కోసమే ఒకడు రెండు ఇంకు బుడ్లు ముందే కొని దాచాడు. వాళ్లమ్మ తర్వాత వాటితో చాకలి పద్దు రాసుకుందట.

ఇప్పుడు మాలో కొందరి డిగ్రీ అయిపోయింది, కొందరిది ఇంజినీరింగ్ చివరికొచ్చింది. మొన్న కాలేజీలో ఫేర్‌వెల్ జరిగితే, డీజే పాటల మధ్య నాకు గుర్తొచ్చింది భీమిలి హైస్కూలే. గ్రూపులో మెసేజ్ పెట్టాను: "మన టెన్త్ ఫేర్‌వెల్ బాకీ ఉంది. తీర్చేద్దామా?" పది నిమిషాల్లో 19 మంది సరేనన్నారు.

ఒక్కడు మాత్రం ఆ గ్రూపులో లేడు. వాడు అయిదేళ్ల కిందటే బయటికెళ్లిపోయాడు. వెళ్లగొట్టింది నేనే.

బడి చుట్టూ బడి

భీమిలి అంటే అందరూ బీచ్ అనుకుంటారు. మాకైతే ఊరంతా స్కూలే. భీమునిపట్నం 1861లోనే మున్సిపాలిటీ అయ్యింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో మాదొకటి. ఇప్పుడు గ్రేటర్ విశాఖలో కలిసిపోయింది కానీ, మా సోషల్ మాస్టారి దగ్గర ఆ మాటంటే ఇప్పటికీ ఒప్పుకోరు.

ఒకప్పుడు డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారం చేశారు. వాళ్ల సమాధుల తోట ఇంకా ఉంది, కొన్ని సమాధులు చిన్న చిన్న పిరమిడ్లలా ఉంటాయి. మీరు వెళ్తే సెల్ఫీ దిగుతారేమో, మేం వెళ్లింది కంబైండ్ స్టడీకి. ఊళ్లో అంత నిశ్శబ్దంగా ఉండే చోటు ఇంకోటి లేదు. ఒకడు పద్యాలు పైకి చదివేవాడు. "ఒరే మెల్లగా చదవరా, లేచొస్తారు" అని ఇంకొకడు. చివరికి మేమే లేచి పారిపోయేవాళ్లం.

మిగతా స్కూళ్లవాళ్లు ఎక్స్‌కర్షన్‌కి అరకు, బొర్రా వెళ్లేవారు. మమ్మల్ని ఎనిమిదో తరగతిలో ఎక్కడికి తీసుకెళ్లారనుకున్నారు? ఊరి పక్కనే ఉన్న పావురాళ్లకొండ. అదీ నడిపించి. పైన పాతకాలం బౌద్ధ భిక్షువులు ఉన్న ఆనవాళ్లు, వాననీళ్లు దాచుకోవడానికి రాయిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. "చూశారా, నీటి బొట్టు విలువ వాళ్లకి తెలుసు" అని మాస్టారు చెప్తుండగానే మావాడొకడి పులిహోర డబ్బా దొర్లుకుంటూ వెళ్లి తొట్లో పడింది. ఆ తర్వాత పాఠం నీటి బొట్టు మీద సాగలేదు.

దిగేటప్పుడు అందరం అలిగాం. బొర్రా గుహలు చూపించలేదని. మాస్టారు గోస్తనీ నదిని చూపించి, "బొర్రా గుహల్లోంచి వచ్చే నీళ్లివే. మీరు అక్కడికి వెళ్లడం ఎందుకు, అదే మీ దగ్గరికొచ్చింది" అన్నారు. గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మాట నిజమే. కానీ అంత చవకైన ఎక్స్‌కర్షన్ ఇంకే స్కూలుకీ దొరికుండదు.

ఇంక చిక్కీ. 2020 జనవరిలో మధ్యాహ్న భోజనం మెనూ మారింది, చిక్కీ వచ్చింది. వారం తిరక్కుండా క్లాసులో రూపాయి చలామణీ ఆగిపోయింది. హోంవర్కు కాపీకి అర చిక్కీ. మ్యాపు గీసిస్తే ఒక చిక్కీ. రికార్డులో కప్ప జీర్ణవ్యవస్థకి రెండు. మా క్లాస్ లీడర్ అమ్మాయి పేర్లు రాసిన లిస్టులోంచి పేరు కొట్టెయ్యడానికి మాత్రం చిక్కీ పనిచేసేది కాదు. "నాకు పళ్లనొప్పి, ఇంకేమైనా ఉంటే చెప్పు" అనేది. ఆ వైభవం రెండు నెలలే సాగింది.

ముప్పై నాలుగు మీటర్ల పడవ

వాడి గురించి చెప్పాలి ఇప్పుడు. నా బెంచీయే. జాలరిపేట కుర్రాడు. తెల్లవారుజామున వాళ్ల నాన్నతో ఒడ్డున వల లాగి, స్నానం చేసి స్కూలుకొచ్చేవాడు. మొదటి పీరియడ్ నిద్రపోయేవాడు. రెండో పీరియడ్ లెక్కలు. అక్కడ మాత్రం లేచేవాడు, ఎందుకంటే లేపేవారు.

ఒకరోజు త్రికోణమితి అనువర్తనాలు. మాస్టారు బోర్డు మీద లెక్క వేశారు. 20 మీటర్ల ఎత్తున్న లైట్‌హౌస్ మీంచి చూస్తే ఒక పడవ 30 డిగ్రీల నిమ్నకోణంలో కనిపించింది. పడవ ఎంత దూరంలో ఉంది? జవాబు 20 రూట్ 3, అంటే సుమారు 34.6 మీటర్లు.

మావాడు చెయ్యెత్తాడు. "సార్, 34 మీటర్లేనాండీ?"

"అవునురా. ఏం?"

"అయితే అది సముద్రంలో లేదండీ. ఒడ్డునే ఉంది. మా బాబు వల ఆరబెడతన్నాడు."

క్లాసంతా గొల్లుమంది. మాస్టారికి కూడా నవ్వాగలేదు, బోర్డు వైపు తిరిగి డస్టర్‌తో ఏదో తుడుస్తున్నట్టు నటించారు. మా కిటికీలోంచి నిజం లైట్‌హౌస్ కనిపిస్తుంది మరి. ఆ రోజు నుంచీ వాడు మాకు "లైట్‌హౌస్ గాడు".

ప్రీ ఫైనల్లో లెక్కలు పోయాయి వాడికి. రెండు పేపర్లూ. అందుకే జూన్ 20న అందరూ పాస్ అనగానే నేను గ్రూపులో రాశాను: "అందరికన్నా పెద్ద లాటరీ మన లైట్‌హౌస్ గాడికే!" కింద నవ్వే బొమ్మలు ఓ ఇరవై పడ్డాయి. వాడు ఏమీ అనలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగైదుసార్లు చేసి, నేనూ మానేశాను. మానెయ్యడం ఎంత తేలికో చూడండి.

వేట లేని నెల

మేం మే నెల ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, ఇంజిన్ బోట్లు సముద్రంలోకి వెళ్లవు. మావాడు ఇప్పుడు విశాఖ హార్బర్‌లో పెద్ద బోటు మీద పని చేస్తున్నాడని తెలిసింది. వేట రోజుల్లో వెతికితే దొరకడు. మేలో అయితే ఇంటిదగ్గరే ఉంటాడు.

బస్సు దిగి నేరుగా జాలరిపేట వెళ్లాను. పడవ నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. గడ్డం పెంచాడు, భుజాలు వెడల్పయ్యాయి. నన్ను చూసి, "ఏటిరా, దారి తప్పినావా?" అన్నాడు. చెయ్యి ఆపలేదు.

పక్కన కూర్చున్నాను. బస్సులో తయారుచేసుకున్న మాటలేవీ రాలేదు. "ఆ రోజు అలా రాయకుండా ఉండాల్సిందిరా" అని మాత్రం అన్నాను.

కాసేపు వల ముడులే చూశాడు. "నువ్వు సరదాకే అన్నావులే. కానీ నీకు తెలీదు కదా, ఆ మూడు నెలలూ నేను సదివినాను. పనేటీ లేదు, బయటికెళ్లనివ్వరు. లెక్కల పుస్తకం మొదటి పేజీ నుంచి ఆకరి దాకా సేసినాను. మా అక్క ఫోన్‌లో వీడియోలు సూసి. మా అమ్మకి సెప్పినాను, ఈసారి నా సొంతంగా పాసవుతానని." ఆగి అన్నాడు, "పాసయ్యాను. వీధిలో అందరూ నువ్వన్న మాటే అన్నారు."

నా దగ్గర జవాబు లేదు. చేతిలో ఉన్న అట్ట వాడి పక్కన పెట్టాను. చూసి ఫక్కున నవ్వాడు. "ఇది ఇంకా ఉందేటి నీ కాడ?" లేచి ఇంట్లోకెళ్లి తనదీ తెచ్చాడు. వాళ్లమ్మ దాని మీద చేపల లెక్కలు రాసుకుంటోందట, చాక్‌పీసు మరకలు.

"పద" అన్నాడు.

నాలుగు మార్కుల ప్రశ్న

వేసవి సెలవులు, స్కూలు ఖాళీ. ముందే అడిగి పెట్టుకున్నాం కాబట్టి వాచ్‌మన్ తాత మా పాత గది తీశాడు. "గోడెక్కి దూకేవోళ్లు, ఇప్పుడు గేట్లోంచి వస్తన్నారు" అని ఆశ్చర్యపోయాడు. బెంచీలు చిన్నవైపోయాయి. మోకాళ్లు పట్టవు. క్లాస్ లీడర్ బెంగళూరు ఇంటర్న్‌షిప్ నుంచి వచ్చింది. రాగానే బోర్డు మీద "మాట్లాడినవారు" అని రాసి గీత గీసింది. ఇంకొకామె చంకలో ఏడాది బాబుతో వచ్చింది. లిస్టులో మొదటి పేరు వాడిదే పడింది.

పదకొండింటికి లెక్కల మాస్టారు స్కూటర్ మీద వచ్చారు. రిటైరై రెండేళ్లయింది. సన్మానం అనుకుని శాలువా తెచ్చాం. ఆయన మా చేతుల్లో అట్టలు చూశారు. ఇద్దరివి కాదు, పదకొండు మంది తెచ్చారు. ఎవరికి వాళ్లం తామొక్కళ్లమే పిచ్చివాళ్లమనుకున్నాం.

"శాలువా తర్వాత. ముందు కూర్చోండి. దూరం దూరంగా" అన్నారు. చాక్‌పీసు తీశారు.

60 మీటర్ల లైట్‌హౌస్. దానికి ఒకే వైపు, ఒకే సరళరేఖలో రెండు పడవలు. నిమ్నకోణాలు 30, 45 డిగ్రీలు. పడవల మధ్య దూరం ఎంత? నాలుగు మార్కులు. పది నిమిషాలు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. నాలుగేళ్లుగా ఇంజినీరింగ్ వెలగబెడుతున్నవాడు ఫోన్ తీసి దొరికిపోయాడు. క్లాస్ లీడర్ నిమ్నకోణాన్ని పైకి గీసింది. నేను బొమ్మ గీసి, దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మావాడు తల ఎత్తలేదు. పెన్ను పట్టుకున్న వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, అక్షరాలు పెద్దవి పెద్దవి పడుతున్నాయి. అయినా రాస్తూనే ఉన్నాడు. మాస్టారు వాడి పేపరు తీసుకుని నిలబడే దిద్దారు. గది మొత్తం ఫలితాల రోజులా అయిపోయింది.

"60 ఇంటూ రూట్ 3 మైనస్ 1. సరిపోయింది. సుమారు 44. కానీ 44 ఏమిట్రా? మీటర్లా, మూరలా? యూనిట్లు రాయలేదు. నాలుక్కి మూడు."

వాడు లేచి నిలబడ్డాడు. "సార్, 44 మీటర్లే అయితే రెండు వలలూ సిక్కడిపోతాయండీ."

ఈసారి మాస్టారు బోర్డు వైపు తిరగలేదు. మాతోపాటే నవ్వారు. తర్వాత మా అట్టలన్నిటి మీదా సంతకాలు పెట్టారు. లైట్‌హౌస్ గాడి అట్ట మీద మాత్రం "ఉత్తీర్ణుడు" అని రాసి, కింద తేదీ వేశారు. ఇంటికెళ్లి అమ్మకి చూపించమన్నారు.

సాయంత్రం గోస్తనీ సముద్రంలో కలిసేచోట ముంత మసాలా తిన్నాం. ఇంకు బుడ్లవాడు కొత్త బుడ్డి తెచ్చాడు. ఎవరి చొక్కా ఖరీదెంతో చర్చ జరిగి, చివరికి వాడి చొక్కా మీదే అందరం చల్లాం.

తిరుగు బస్సులో సముద్రం ఎడమవైపుకి వచ్చింది. చీకట్లో దూరంగా ఏవో దీపాలు. గ్రూపులో నోటిఫికేషన్ మోగింది. క్లాస్ లీడర్ వాణ్ని మళ్లీ చేర్చింది. అయిదేళ్ల తర్వాత వాడి మొదటి మెసేజ్:

"వచ్చే మేలో ఇంకో లెక్క. వచ్చేవోళ్లు చిక్కీ తెండి. కాపీకి రేటు పెరిగింది."