కార్డును కవరును

ఉత్తరములలో కార్డునకును కవరునకును గల భేదమును మా తరమువారికి ఎవరును పాఠముగా చెప్పలేదు. చూచి నేర్చుకొంటిమి. కార్డు బట్టబయలు. దానిని పోస్టుమాన్ చదువును, త్రోవలో కాఫీ హోటలు అరుగుపై కూర్చున్నవారు చదువుదురు, అందవలసినవాడు అందరికంటె కడపట చదువును. కవరు అట్టిది కాదు. జిగురు తడిపి అంటించిన పిదప దానిని విప్పు హక్కు ఒక్కనికే కలదు.

మన దేశమున కార్డు 1879 జూలై 1వ తేదీన వెలువడినది. వెల ఒక కానీ, అనగా అణాలో నాలుగవ వంతు. చౌకయగుటచే జనులు దానిని ఆదరించిరి. అందు రహస్యము నిలువదని ఎఱిగియే వ్రాసిరి. ఒక్కొక్కప్పుడు నిలువకుండుటయే మేలు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన మా దివిసీమను ముంచివేసినది. ఆ తరువాతి దినములలో ఎచ్చటెచ్చటనో తలదాచుకొన్న బంధువులు వ్రాసిన కార్డులను మా పోస్టుమాన్ వీధి నడుమనే నిలిచి బిగ్గరగా చదివెడివాడు. “మేము ప్రాణములతో ఉన్నాము” అను ముక్క పదిమంది చెవిని పడవలయుననియే మా కోరిక. ఆ చదువుటను ఎవ్వరును తప్పు పట్టలేదు.

ఇప్పుడు ఈ ప్రస్తావన యేల యందురేమో. విజయవాడ సత్యనారాయణపురములో మా వీధి పిల్లలు సాయంకాలము మైదానమునకు పోవుట తక్కువ. సెల్‌ఫోనులోనే కోటలు కట్టుదురు, యుద్ధములు చేయుదురు, ఆట నడుమ ఒండొరులతో మాటలాడుకొందురు. అందులకై ఆ ఆటలలో ‘ప్రైవేట్ చాట్’ అను పెట్టె యొకటి కలదు. ఆ పేరు చూచి పిల్లలు దానిని అంటించిన కవరని నమ్ముచున్నారు. నా యెఱిగినంతలో అది కవరు రంగు పూసిన కార్డు.

అది పనిచేయు తీరు చూడుడు. పిల్లవాడు వ్రాసిన మాట తిన్నగా స్నేహితుని ఫోనునకు పోదు. ముందుగా ఆట కంపెనీవారి సర్వరునకు పోవును. సర్వరనగా లక్షలమంది మాటలను ఒక్కమాఱే అందుకొని, నిలువచేసి, పంచిపెట్టు పెద్ద కంప్యూటరు. అచ్చట ఒక యంత్రము ఆ మాటను జల్లెడ పట్టును. రోబ్లాక్స్ అను ఆటలో బూతుమాటగాని ఫోను నంబరుగాని వ్రాసినచో అది మాయమై, ఆ చోట గళ్ళ గుర్తులు కనబడును. ఎవరైన ఫిర్యాదు చేసినచో కంపెనీ మనుష్యులు ఆ సంభాషణను తెఱచి చదువుదురు. ఫోర్ట్‌నైట్ అను మఱియొక ఆటలో 2023లో వేఱొక ఏర్పాటు వచ్చినది. నోటితో మాటలాడుకొన్న కడపటి ఐదు నిమిషముల సంభాషణ ఆడువాని యంత్రములోనే నిలిచియుండును. ఫిర్యాదు వచ్చినచో కంపెనీకి చేరును. పదునెనిమిదేండ్లు నిండనివారు ఒక్కరైనను ఆ మాటలలో పాల్గొనుచున్నచో ఈ ఏర్పాటును ఆపుటకు వీలులేదు. వాట్సాప్‌వారు 2016లో తమ సందేశములకు వేసిన తాళము ఇట్టిది కాదు. అందు పంపినవాని ఫోనును, అందుకొన్నవాని ఫోనును తప్ప, మధ్యనున్న కంపెనీ సయితము మాటను చదువజాలదు.

కంపెనీవారు పిల్లల మాటలపై ఒక కన్ను వేయుట నేరమని నేను చెప్పుట లేదు. వేయకుండుటయే నేరమైన సందర్భములు కలవు. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫోర్ట్‌నైట్ అధిపతులైన ఎపిక్ కంపెనీవారిచే, పిల్లల ఏకాంత రక్షణ చట్టమును మీరినందులకు, 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పించినది. చిన్నపిల్లలు ఆటలో అడుగిడినంతనే ముక్కు మొగము తెలియనివారితో మాటలు కలియునట్లు ద్వారము తెఱచి ఉంచుట వారిపై మోపిన ఆరోపణలలో ఒకటి. కన్ను వేయువారు కంపెనీవారు మాత్రమే కారనుటయు ఆశ్చర్యము. అమెరికా, బ్రిటన్ దేశముల గూఢచారి శాఖలవారు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ మొదలగు ఆటలలో వేషములు ధరించి తిరిగిరని 2013 డిసెంబరులో పత్రికలు బయటపెట్టినవి. రాజునకు చారులే కన్నులని మన నీతిశాస్త్రకారులు ఏనాడో అనిరి గాని, ఆ చారుడు కత్తి పట్టిన మరుగుజ్జు వేషమున పిల్లల ఆటలో దూరునని వారును ఊహించియుండరు! ఇంతచేసి, ఆ ప్రయత్నము వలన ఒక్క ఉగ్రవాదియైనను చిక్కినట్లు ఆ పత్రములలో లేదట.

చదువునట్టి కన్ను ఎవరి మేలు కోరి చదువుచున్నది? నాకు ఈ ప్రశ్న హైస్కూలు నాడే పుట్టినది. నేను ఒక హాస్టలులో ఉండి చదువుకొంటిని. దాని పేరు చెప్పను. అచ్చట వార్డెనుగారు మా ఉత్తరములను, వచ్చువానిని పోవువానిని, విప్పి చదివెడివారు. ఆ సంగతి మాకందఱకును తెలియును. కావున మేమందఱమును ఒకే ఉత్తరము వ్రాసెడివారము: “ఇచ్చట క్షేమము. భోజనము బాగున్నది. చదువు సాగుచున్నది.” నా ప్రక్క మంచముమీది బాలునికి కార్తీకములో జ్వరము తగిలినది. రాత్రులు వణకుచుండెడివాడు. వాడొక్కడే ధైర్యము చేసి ఉన్నదున్నట్లు తండ్రికి వ్రాసెను. హాస్టలునకు చెడ్డపేరు వచ్చునని కాబోలు, ఆ కవరు తపాలాపెట్టె వఱకు పోనేలేదు. సంక్రాంతికి కొడుకును తీసికొనిపోవ వచ్చిన తండ్రి వానిని చూచి గుమ్మములోనే కూలబడెను. అది టైఫాయిడ్ అని ఆసుపత్రిలో తేలినది. వాడు బ్రదికెను గాని ఆ సంవత్సరపు చదువు పోయినది. మా మేలు కొఱకే ఉత్తరములు చదువుచున్నామని అంతకుముందు మాకు పలుమాఱులు చెప్పియుండిరి.

మన శాసనములు ఈ భేదమును బాగుగనే గుర్తించినవి. 1898 నాటి తపాలా చట్టము ప్రభుత్వమునకు సయితము ఉత్తరమును ఆపు అధికారమును ఊరక ఈయలేదు. ప్రజాక్షేమమునకు సంబంధించిన కారణము ఉండవలయును, వ్రాతమూలకమైన ఉత్తర్వు ఉండవలయును అని విధించినది. 2023లో దాని స్థానమున క్రొత్త చట్టము వచ్చినది. ఏకాంతము పౌరుని ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా తీర్పు చెప్పిరి. బాలల విషయమున ఐక్యరాజ్యసమితి ఒడంబడిక యొకటి కలదు. 1989లో పుట్టిన ఆ ఒడంబడికను మన దేశము 1992లో అంగీకరించినది. దాని 16వ అధికరణము బాలుని ఉత్తర ప్రత్యుత్తరములలో ఎవ్వరును అన్యాయముగా తలదూర్పరాదని చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములను వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలయుననియు, కంపెనీలు పిల్లల నడవడిని వెంటాడి గమనింపరాదనియు మన పార్లమెంటు 2023లో మఱియొక శాసనము చేసినది. దాని నియమములను 2025 నవంబరులో ప్రకటించి, కొన్ని మినహాయింపులతో దశలవారీగా అమలు జరుగునట్లు ఏర్పరచిరి.

ఈ శాసనములను గూర్చి మా అరుగుమీద చెప్పుచుండగా ఎదురింటి బాలుడు, తొమ్మిదవ తరగతివాడు, “కంపెనీవాళ్లు చూడకూడదు సరే తాతగారూ, మరి మా నాన్న చూడవచ్చునా?” అని అడిగెను.

వాని ప్రశ్నకు కారణము కలదు. వాని తండ్రి నా పూర్వ విద్యార్థి. కొడుకు ఫోనులో వానికి తెలియకుండ ఒక యాప్ అమర్చి, వాడు ఆటలో వ్రాయు ప్రతి మాటను రాత్రివేళ చదువుచుండెను. నెల దాటకముందే కొడుకు దానిని కనిపెట్టెను. ఏమియు అనలేదు. స్నేహితుని ఫోనులో రెండవ ఖాతా తెఱచుకొనెను. తండ్రి చదువు పాత ఖాతాలో నేటికిని అంతయు క్షేమమే, చదువు సాగుచునే ఉన్నది. మా హాస్టలు ఉత్తరములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. “మాస్టారూ, తండ్రిగా నాకు ఆ హక్కు లేదంటారా?” అని అతడు నన్ను అడిగినపుడు, “హక్కు ఉన్నది నాయనా. చాటుగా చూచుటకు మాత్రము లేదు. చూడదలచినచో ముందు వానితో చెప్పి చూడుము” అంటిని. అతనికి నా మాట నచ్చలేదు. లోకము చెడిపోయినదనెను. ఆ మాటయు అబద్ధము కాదు.

ఏలయన, అదే వీధిలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. ఆమె ఆటలో ఇండ్లు కట్టుచుండగా ఒక క్రొత్త స్నేహితురాలు దొరికినది. తానును హైదరాబాదులో ఎనిమిదవ తరగతియే అని చెప్పినది. వారము దినములు మంచి మాటలే. పిదప ఫోను నంబరు అడిగినది. అంకెలను జల్లెడ చెఱిపివేయగా, అంకెలకు బదులు పదములుగా విడదీసి వ్రాయుమని ఉపాయము నేర్పినది. తరువాత, “ఇక్కడ మన మాటలు ఎవరో చూస్తారు, ఎవరూ చూడని వేరే యాప్‌లోకి రా” అని పిలిచినది. ఒక ఫోటో పంపుమన్నది. “మీ అమ్మకు చెప్పవద్దు” అన్నది. కవరును మన కంటె ఎక్కువగా ప్రేమించువారు కూడ లోకమున కలరు!

ఆ ఇంట ముందునుండియు ఒక కట్టుబాటు ఉన్నది. రాత్రి తొమ్మిదింటికి ఫోను భోజనపు బల్లమీద ఉండవలయును. తల్లి స్నేహితుల పట్టికను కూతురి యెదుటనే చూచును; మాటల పెట్టెలను విప్పదు. ఎప్పుడైనను భయము కలిగినచో కూతురే వచ్చి చెప్పవలయును, చెప్పినందులకు ఫోను లాగికొనుట ఉండదు. ఇది ఆమె ఇచ్చిన మాట. “చెప్పవద్దు” అను ముక్క చదివిన రాత్రియే ఆ బాలిక వచ్చి చెప్పినది.

తల్లి, “నేను చూడనా?” అని అడిగెను. “ఇది ఒక్కటి చూడమ్మా. మిగిలినవి నా ఫ్రెండ్స్‌వి” అని కూతురు ఆ ఒక్క పెట్టెను తెఱచి ఇచ్చెను. తల్లి దానిని మొదటినుండి తుదివఱకు చదివి, స్క్రీన్‌షాట్లు తీసి భద్రపఱచి, కంపెనీవారికి ఫిర్యాదు పంపి, బాలల సహాయమునకై ఏర్పడిన 1098 నంబరునకు ఫోను చేసెను. మఱునాడు సైబర్ నేరముల పోర్టలులో పెట్టు ఫిర్యాదును తెలుగులో చక్కగా వ్రాసి ఇమ్మని నా యొద్దకు వచ్చిరి. నేను వ్రాయుచున్నంతసేపు ఆ ఫోను కూతురి చేతిలోనే ఉండెను.