రాజమండ్రిలో శాండ్‌విచ్ తిన్నాం!

కిందటి నెల మా అమ్మాయి హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చింది. ఉద్యోగంలో చేరాక ఇంటికి రావడం అదే మొదటిసారి. వస్తూనే "అమ్మమ్మా! నా మొదటి జీతంతో నీకూ అమ్మకీ రాజమండ్రిలో పార్టీ ఇస్తున్నా" అని ప్రకటించేసింది.

మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర్న తినడమే గానీ, తను కూచుంటే ఒకరు వడ్డించిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. పైకి "నాకెందుకే తల్లీ" అంటూనే ముందురోజు రాత్రే గంజి పెట్టిన వెంకటగిరి చీర తీసి పెట్టుకుంది.

మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. బొబ్బర్లంక దాటి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బస్సులో బయల్దేరాం. కాటన్ దొర ఇక్కడే 1852లో ఆనకట్ట పూర్తి చేశాడు. మన డెల్టా పచ్చదనమంతా ఆ చలవే. ఎన్నిసార్లు చూసినా, అక్కడికి రాగానే అమ్మ కిటికీలోంచి గోదారికి దణ్ణం పెట్టుకుంటుంది.

ఇక హోటలు సంగతి. ఈమధ్యే తెరిచారట, కుర్రకారంతా అక్కడే ఉంటారట. అద్దాల తలుపులు, తీగలకి వేలాడే బల్బులు, పూత లేని ఇటుక గోడలు. "ఇల్లు ఇంకా పూర్తయినట్టు లేదే!" అంది అమ్మ నా చెవిలో. కూచోడానికి నిచ్చెనల్లాంటి ఎత్తు స్టూళ్ళు! మోకాళ్ళ నొప్పుల మనిషి, మేమిద్దరం చెరో చెయ్యీ పట్టుకుంటే గానీ ఎక్కలేకపోయింది. మెనూ కార్డు అడిగితే బల్ల మీదున్న నలుపూ తెలుపూ గళ్ళ బొమ్మ చూపించారు. దాన్ని ఫోన్లో ఫోటో తీస్తే పేర్లు వస్తాయట.

నలభై నిమిషాలు ఎదురుచూశాం. ఈలోగా అమ్మాయి శాండ్‌విచ్ కథ చెప్పింది. ఇంగ్లండులో ఆ పేరుగల ఊరి జమీందారు పేకాట బల్ల దగ్గర్నుంచి లేవలేక, రెండు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడంటారు. "అయితే ఇది పేకాట రాయుడి తిండా!" అని అమ్మ నవ్వింది.

చివరికి చెక్క పలకల మీద వచ్చాయి. పైన నల్లటి చారలు, లోపల జున్నుగడ్డలా చల్లటి చీజు. కీరాముక్కల నీరు దిగి మధ్యలో రొట్టె ముద్దయిపోయింది, అంచులు మాత్రం అట్టముక్కలే. పైగా తియ్యతియ్యగా ఏదో తెల్ల సాసు. బిల్లు ఎనిమిది వందల చిల్లర! "ఎలా ఉంది అమ్మమ్మా?" అని పిల్ల ఆశగా అడిగితే అమ్మ "బాగుంది తల్లీ" అంది. నేనూ వంత పాడాను.

సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూచున్నాం. ఎదురుగా పాత హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997లో రైళ్ళు ఆగిపోయాయి. "కొత్త పెళ్ళికూతురుగా దాని మీదే వెళ్ళాను. మా అమ్మ అరిటాకులో కట్టిచ్చిన పులిహోర రాత్రికి కూడా ఎంత బావుందో!" అంటూ అమ్మ సంచీ తెరిచింది. కాగితం రుమాల్లో చుట్టిన రొట్టె అంచులు తీసి, తుంచి చేపలకి వెయ్యసాగింది. కట్టుడు పళ్ళకి నలగలేదు, పాపం.

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బాలేదని ఎందుకు చెప్పలేదు అమ్మమ్మా? మార్చి ఇమ్మనేదాన్ని కదా!"

"నువ్వు పెట్టావు. బాలేదని ఎలా అంటానే?"

నాకు చురుక్కుమంది. వంటలో ఉప్పు తక్కువైందని ఇంట్లో ఎవరైనా అంటే మనం పరుగెత్తి సర్దుతాం. మనకి చల్లారింది పెట్టినా, డబ్బిచ్చి కొనుక్కున్నది బాగాలేకపోయినా మాత్రం "బాగుంది" అని సరిపెట్టుకుంటాం. అమ్మని చూసి నేనూ అదే నేర్చుకున్నాను. నన్ను చూసి నా కూతురు నేర్చుకోకూడదు కదా!

అన్నట్టు, ఇంట్లో శాండ్‌విచ్ చేస్తే రొట్టెకి అంచుల దాకా వెన్న రాయండి, నీరు లోపలికి దిగదు. కీరా, టొమాటోల గింజలు తీసి, గుడ్డతో అద్ది, ఉప్పు ఆఖర్న చల్లండి. చీజు తురిమి వేసి, మూతపెట్టి సన్నసెగన కాలిస్తే రొట్టె మాడకముందే కరుగుతుంది.

మర్నాడు పొద్దున్న అమ్మ మనవరాలి చేత మినపరొట్టె వేయించింది. ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు, ఉప్పు, జీలకర్ర కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి రెండంగుళాల మందాన పోసి మూతపెట్టాలి. సన్నసెగన అరగంట పడుతుంది. పక్కన చెరుకు పానకం ఉంటే ఇంకేం కావాలి?

ఈసారి పిల్ల అడిగింది, "నిజం చెప్పు, ఎలా ఉంది?"

అమ్మ ఒక ముక్క నమిలి, "అడుగు కాస్త మాడింది, ఉప్పు చాల్లేదు. ఇంకోటి వెయ్యి!" అంది. ముగ్గురం పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం. రెండో రొట్టె అదిరిపోయింది, నిజంగానే!