మంచు నేలలో కోడిగూడు

కోడికి మనం అనుకునేంత చలి వేయదు. దాని ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. మనకైతే ఆ వేడికి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి! పైగా ఈకల అడుగున మెత్తటి నూగు ఉంటుంది. చలి ముదిరితే ఈకలన్నీ ఉబ్బించుకుని, వాటి మధ్య గాలిని పట్టి ఉంచుకుని బంతిలా కూర్చుంటుంది. రజాయితోనే పుట్టిందన్నమాట. మరి మంచు దేశాల్లో పెరటి కోళ్ళకు శీతాకాలం గండం ఎందుకవుతుంది? సగం కారణం తడి. మిగతా సగం, పాపం చలేస్తోందేమోనని మనం చేసే హడావుడి.

మేముండేది అమెరికాలోని మిన్నెసోటాలో, మినియాపొలిస్ పక్కన. నవంబరులో మొదలైన మంచు మార్చి దాకా వదలదు. పెరట్లో ఆరు పెట్టలున్నాయి. పుంజు లేదు. అది కూస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు, మా ఊరి నియమాలూ ఒప్పుకోవు. కోళ్ళకు రాత్రి పడుకోవడానికి చెక్క గూడు, పగలు తిరగడానికి దాన్ని ఆనుకుని తీగ జాలీ కట్టిన చిన్న ఆవరణ. ఇక్కడివాళ్ళు దాన్ని ‘రన్’ అంటారు. శీతాకాలానికి అసలు పనంతా దానితోనే.

ఆ పని అక్టోబరులోనే మొదలుపెట్టాలి. నేల గడ్డకట్టాక గుంజ పాతుదామన్నా గునపం దిగదు. మొదట చూసుకోవాల్సింది పైకప్పు. డేగలు రాకుండా వేసవిలో కట్టిన వల ఉందిగా, మంచు జల్లెడలోంచి జారినట్టు జారిపోతుందిలే అనిపిస్తుంది. జారదు. తడి మంచు దారాలకు అంటుకుని, దానిమీద ఇంకొంత పేరుకుని, చివరికి వల మొత్తాన్ని కిందికి లాగేస్తుంది. మంచు బరువెంతో ఈ ఊరివాళ్ళకు బాగా తెలుసు. 2010 డిసెంబరు 12న మినియాపొలిస్‌లోని మెట్రోడోమ్ స్టేడియం పైకప్పు మంచు బరువుకే చిరిగి కుంగిపోయింది. ఇక మన వల ఎంత? అందుకే దాన్ని తీసేసి, కాంతి వచ్చే ప్లాస్టిక్ రేకుల్ని ఏటవాలుగా వేస్తాం. కింద దూలాలు దగ్గర దగ్గరగా ఉండాలి. 2022లో అమెరికాలో బర్డ్ ఫ్లూ మళ్ళీ వ్యాపించినప్పటి నుంచీ ఈ కప్పుతో ఇంకో లాభం కూడా కనిపిస్తోంది. పైన ఎగిరే అడవి పక్షుల రెట్టలు లోపల పడవు.

తరువాత గాలి. మాకు చలిగాలి ఎక్కువగా వాయవ్యం నుంచి కొడుతుంది. ఉత్తరం, పడమర వైపుల జాలీకి దళసరి ప్లాస్టిక్ షీటు బిగిస్తాం. పైన మాత్రం జానెడు ఖాళీ వదిలేస్తాం. తలుపు లోపలికి తెరుచుకోవాలి. బయటికి తెరుచుకునేదైతే, రాత్రికి రాత్రి అడుగు మంచు పడిందంటే కోళ్ళు లోపల, మనం బయట! నేలమీద గడ్డి, ఎండుటాకులు, చెక్కపొట్టు మందంగా పరుస్తాం. తెల్లటి మంచు మీద కాలు పెట్టడానికి కోళ్ళు జంకుతాయి. గడ్డి ఉంటే దాన్ని గీరుకుంటూ పొద్దుపుచ్చుతాయి. నీళ్ళు గడ్డకట్టకుండా గిన్నె కింద కరెంటుతో వేడెక్కే పళ్ళెం పెడతాం. గూట్లో అవి ఎక్కి పడుకునే కర్ర గుండ్రంగా కాకుండా నాలుగంగుళాల వెడల్పున బల్లపరుపుగా ఉంటే మంచిది. కూర్చున్నప్పుడు పొట్ట ఈకలు కాలివేళ్ళను పూర్తిగా కప్పేస్తాయి.

2018 డిసెంబరులో తణుకు దగ్గరి పల్లె నుంచి మా అత్తయ్య వచ్చారు. ఎన్నో కోళ్ళను సాకిన చేతులు ఆవిడవి. రన్‌కు, గూటికి పైన వదిలిన ఖాళీలు చూసి, “ఇదేంటమ్మాయ్, చుట్టూ కట్టి పైన వదిలేశారు? చలంతా లోపలికేగా!” అన్నారు.

ఆ ఖాళీ ఎందుకో చెప్పాను. రాత్రంతా ఆరు కోళ్ళు వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. రెట్టలోనూ ఉంటుంది. గూడు బిగించి మూసేస్తే ఆ ఆవిరి బయటికి పోయే దారిలేక గోడల మీదా, కోడి నెత్తిన ఉండే ఎర్ర తురాయి మీదా చేరుతుంది. తురాయికి ఈకల కాపలా లేదు. తడిసిందంటే మంచు కాటుకు గురై కొసలు నల్లబడతాయి. మన పౌల్ట్రీల్లో కనిపించే తెల్ల లెగ్‌హార్న్‌కు తురాయి పెద్దది కాబట్టి ముప్పూ ఎక్కువే. బ్రహ్మ అనే జాతికి చిన్న తురాయే, ఆ బెడద తక్కువ. ఆ పేరు బ్రహ్మపుత్ర నుంచి వచ్చింది. అత్తయ్య నవ్వారు. “అందరి తలరాతా రాసే బ్రహ్మ, తన తల మాత్రం జాగ్రత్తగా చూసుకున్నాడన్నమాట!”

కానీ 2019 జనవరి 29 రాత్రి ఎవరికీ నవ్వు రాలేదు. తెల్లారేసరికి మైనస్ 33 డిగ్రీలకు పడిపోతుందని టీవీలో ఒకటే హెచ్చరికలు. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. “నానమ్మా, నువ్వైనా చెప్పు, ఇంట్లోకి తెచ్చేద్దాం” అని ఏడుపు. వెచ్చటి ఇంట్లో ఉంచి మళ్ళీ ఆ చలిలోకి పంపితే వాటికి మరీ కష్టం. హీట్ ల్యాంప్ పెడదామా అన్నారు మావారు. ఎండుగడ్డి, ఈకలు, దుమ్ము ఉన్నచోట అది కాస్త జారిపడినా గూడు మొత్తం అంటుకుంటుంది. అర్ధరాత్రి కరెంటు పోతే, ఆ వేడికి అలవాటుపడ్డ కోళ్ళ గతేంటి?

అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు. “మా కోళ్ళ గంపకూ సందులుండేవి. వానొస్తే పైన గోనెపట్టా కప్పేవాళ్ళం గానీ చుట్టూ మూసేవాళ్ళం కాదు. ఊపిరాడొద్దూ! వదిలెయ్యమ్మాయ్.”

సాయంత్రం మొక్కజొన్న గింజలు నాలుగు గుప్పిళ్ళు ఎక్కువ వేశాం. అరుగుతూ ఉంటే ఒంట్లో వేడి పుడుతుంది. పొడి గడ్డి ఇంకో మోపు పరిచాం. కోళ్ళు కూర్చునే ఎత్తులో గాలి తగలడం లేదని అరచెయ్యి పెట్టి చూసి వచ్చేశాం. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రలేదు.

మర్నాడు చెప్పినట్టే మైనస్ 33. మా వైపు తపాలా బట్వాడా కూడా ఆపేశారు. గూడు తలుపు తీసి టార్చి వేశాను. కర్ర మీద ఆరు బంతులు, ఒకదాన్నొకటి ఆనుకుని. లోపల గోడ పొడిగా ఉంది. లెగ్‌హార్న్ తురాయి కొసలు రెండు మాత్రం నల్లబడ్డాయి. అలాంటప్పుడు రుద్దకూడదు, వేడి పెట్టకూడదు. ఊరికే వదిలేస్తే కొన్నాళ్ళకు అవే రాలిపోయాయి. పెట్ట మాత్రం నిక్షేపంగా తిరిగింది.

ఇక గుడ్లంటారా? డిసెంబరులో ఇక్కడ పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే 14 గంటల వెలుతురైనా కావాలి. కొందరు గూట్లో బల్బు పెట్టి పెట్టిస్తారు. మేం పెట్టం, ఆ రెండు నెలలూ వాటికి సెలవు. ఆ ఏడాది తొలి గుడ్డు ఫిబ్రవరి నెలాఖరులో దొరికింది. బయటింకా మోకాలి లోతు మంచు. అత్తయ్య ఆ గుడ్డును చెంపకు ఆనించుకుని, “వెచ్చగా ఉందర్రా” అన్నారు. పొరటు వేయనివ్వలేదు. సాయంత్రం దాకా అందరికీ చూపించుకున్నారు.