మూసీ కొలత తెలిసిన వంతెన

ఎండాకాలంలో హైదరాబాద్ పురానాపూల్ మీద నిలబడి కిందికి చూస్తే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఈ పాటి మురుగుపాయకు ఇంత వంతెన దేనికి? ఇరవైకి పైగా రాతి కమానులు. నీరు పారేది మాత్రం కొన్నింటి కిందే.

పాతబస్తీలో ఇందుకు సిద్ధంగా ఉన్న జవాబు ప్రేమ. భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రాన్ని దూకించాడనీ, తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా బెదిరిపోయి వంతెన కట్టించాడనీ చెబుతారు. కథ బాగానే ఉంది. కానీ 1578లో వంతెన పూర్తయ్యే నాటికి ఆ ప్రేమికుడికి పన్నెండు, పదమూడేళ్లే. అసలు అవసరం గోల్కొండది. కోటలో జనం కిక్కిరిశారు, వ్యాపారం పెరిగింది, మచిలీపట్నం రేవు వైపు దారి కావాలి. చార్మినార్ లేచింది 1591లో. అంటే ముందు వంతెన, తర్వాతే నగరం. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దీన్ని పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనతో పోల్చాడు.

కట్టినవారు చూసి కొలిచింది ఎండాకాలపు మూసీని కాదు. 1908 సెప్టెంబర్ 28న ఆ సంగతి నగరానికి తెలిసొచ్చింది. వేలమందిని మింగిన ఆ వరదలో అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. దెబ్బలు తిన్నా పురానాపూల్ నిలిచింది. రెండు ఒడ్లకూ కొన్నాళ్లు అదే దిక్కయింది.

ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. భయం పోయింది. భయంతో పాటే జాగ్రత్తా పోయింది. ఖాళీగా కనిపించిన నదీగర్భంలోకి ఇళ్లూ, షెడ్లూ, గోడలూ దిగాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జలాశయాల గేట్లెత్తగానే నీళ్లు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేశాయి. పండక్కి ఊరెళ్లాల్సిన ప్రయాణికులు రాత్రివేళ అక్కడే చిక్కుకుపోయారు.

పాత వంతెన మీద ఏళ్ల తరబడి నడిచింది కూరగాయల సంతే. వాహనాల బరువు పక్కనున్న కొత్త వంతెన మోస్తోంది. పురానాపూల్‌ను కాపాడాలన్న మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ రాళ్ల మీదికే పోతుంది, రాళ్ల సందుల్లో మొలిచిన మొక్కల మీదికి పోతుంది. అవి బాగుచేయాల్సిందే. అయితే ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే ఆ కమానుల కింది చోటు కూడా వంతెనలో భాగమే. దాన్ని నదికి వదిలేస్తేనే అది వంతెన.