మండవల్లి దాటితే లంకలు... ఓసారి వెళ్లొద్దాం రండి!

కొల్లేరు అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? ఆటపాక చెట్ల మీద గూళ్లు కట్టుకునే పెలికాన్ పక్షులా? కొర్రమీను పులుసా? కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరా? ఏదీ కాకపోతే ఎవరైనా మాటలు సాగదీస్తుంటే మన అమ్మమ్మలు విసుక్కునే 'కొల్లేటి చాంతాడు' అయినా గుర్తొచ్చే ఉంటుంది! నాకు మాత్రం ఇప్పుడు కొల్లేరంటే ఒక అగ్గిపెట్టె గుర్తొస్తుంది. అదేమిటంటారా? చెబుతాను. ముందు దారి చూపించనివ్వండి.

గుడివాడ నుంచి భీమవరం వెళ్లే రైలెక్కితే కైకలూరు రాకముందే మండవల్లి స్టేషను వస్తుంది. బస్సులో అయితే గుడివాడ - కైకలూరు రోడ్డు మీదే ఊరు. మొన్నమొన్నటిదాకా కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలో కలిసింది. ఊరు దాటి ఉత్తరంగా కొల్లేటి వైపు వెళ్లారంటే, పెనుమాకలంక, ఇంగిలిపాకలంక, నందిగామలంక... పేర్లలోనే ఉంది చూశారా 'లంక' అని! నీళ్ల మధ్య కాస్త మెరక మీద నిలబడ్డ ఊళ్లన్న మాట. దారికి అటూ ఇటూ చేపల చెరువులు, కిక్కిస గడ్డి, గుర్రపుడెక్క, తాటిచెట్లు. ఒకప్పుడు ఆ తాటిమాను తొలిచిన దోనెలే వీళ్లకు బళ్లూ బస్సులూ అన్నీను. ఇప్పుడు రోడ్లున్నాయి, ఆటోలు తిరుగుతున్నాయి. అయితే ఆ రోడ్లు కొల్లేటి దయ మీద ఆధారపడ్డవే!

ఒకటే తూమున్న తొట్టి

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులన్నీ తెచ్చి ఇందులో పోస్తాయి. ఆ నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అంటే, నాలుగైదు కుళాయిలు ధారగా పోస్తున్న తొట్టికి తూము ఒక్కటే, అదీ సన్నగా ఉంటే ఏమవుతుంది? మన పెరట్లో అయితే తొట్టి పొంగి నేల తడుస్తుంది. కొల్లేట్లో అయితే లంకలు మునుగుతాయి.

2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌ను బుడమేరు ముంచెత్తడం మనమంతా టీవీల్లో చూశాం. అయ్యో అనుకున్నాం, చేతనైన సాయం పంపాం. మరి ఆ నీళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోయాయో ఎవరైనా ఆలోచించామా? నిజం చెబుతున్నాను, నేను ఆలోచించలేదు. అవి నేరుగా కొల్లేటికే వచ్చాయి. విజయవాడలో జనం ఇళ్లు కడుక్కుంటుంటే ఇక్కడ లంకల్లో నీళ్లు పెరగడం మొదలైంది. ఊళ్లకు వెళ్లే దారులు మునిగాయి. ఏలూరు - కైకలూరు రోడ్డు మీద కూడా నీళ్లు పారి రాకపోకలు ఆగాయి. అప్పటికి కెమెరాలూ, లారీల్లో వచ్చే సాయమూ చాలావరకు సర్దుకుంటున్నాయి. లంక ఆడవాళ్ల కష్టం ఎప్పుడూ ఇంతే. అందరిదీ అయిపోయాక వీళ్లది మొదలవుతుంది!

మా పులిహోర కథ

మా వీధి ఆడవాళ్లం పదిమందిమి కలిసి, ఊళ్లోని ఒక సేవాసంఘం వాళ్లతో బయల్దేరాం. తెల్లవారుజామున మూడింటికి లేచి రెండు గుండిగల పులిహోర కలిపాం. వేడివేడిగా పాలిథిన్ కవర్లలో కట్టేశాం. ఇళ్లలో ఉన్న పాత చీరలు మూటగట్టాం. మేమేదో గొప్ప పని చేస్తున్నామని లోలోపల కాస్త గర్వం కూడా ఉందనుకోండి!

దారి మునిగింది కాబట్టి పడవ దొరికేదాకా గట్టు మీద కాచుకున్నాం. లంక చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొట్లం విప్పితే ఏముంది, ఆవిరికి చెమ్మపట్టి పులిహోర పాసిపోయింది. చీరల మూటలో సగం పట్టుచీరలు, జార్జెట్లు. మోకాలి లోతు నీళ్లలో ఎవరు కడతారమ్మా వాటిని?

అక్కడ ఒక పెద్దావిడ మా మొహాలు చూసి, "పోనీలెండమ్మా, ఇంత దూరం వచ్చారు, అదే పదివేలు. అన్నం సంగతి అట్టా ఉంచండి. ఒక అగ్గిపెట్టె ఉంటే ఇయ్యండి. మావన్నీ నాని పోయినయ్. బియ్యం ఉన్నయ్, గ్యాసుంది, వెలిగించేదే లేదు" అంది.

పదిమంది ఆడవాళ్లం, రెండు గుండిగల పులిహోర, నాలుగు మూటల చీరలు. అగ్గిపెట్టె ఒక్కరి దగ్గరా లేదు! చివరికి పడవ నడిపే అబ్బాయి జేబులోంచి తీసిచ్చాడు. సిగ్గుతో తల వంచుకుని వచ్చాం.

ముందు అడగండి, తర్వాత మూట కట్టండి

ఆ రోజు నేర్చుకున్న పాఠం ఒక్కటే. సాయం మన ఇంట్లో ఏముందో చూసి కాదు, వాళ్లింట్లో ఏం లేదో అడిగి చెయ్యాలి. అడగడం కష్టమేమీ కాదు. ప్రతి లంకలోనూ పొదుపు సంఘాలున్నాయి. సంఘం లీడరుకు ఒక్క ఫోను చేస్తే ఎన్ని ఇళ్లు, ఎంతమంది పసిపిల్లలు, ఎవరు నిండు చూలాలు, ఎవరు మంచాన ఉన్నారు అన్నీ వేళ్ల మీద చెబుతుంది. మేం రెండోసారి అలాగే చేశాం. ఆవిడ చెప్పిన చిట్టా ఇదిగో, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను:

* తాగే నీళ్లు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు! మామూలు రోజుల్లోనే చాలామంది నీళ్ల టిన్నులు కొనుక్కుంటారు. దారి మునిగితే అవీ రావు.
* అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు (ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి), టార్చిలైట్లు. వరదలో పాములు ఇళ్లలోకి వస్తాయి, చీకట్లో అడుగు వెయ్యాలంటే భయం.
* నెలసరికి వాడే ప్యాడ్లు, లోదుస్తులు. ఇది మగవాళ్లు రాసే చిట్టాలో కనపడదు, లంక ఆడవాళ్లు నోరు తెరిచి అడగరు. మనమే గుర్తు పెట్టుకోవాలి.
* మెత్తటి నూలు చీరలు, నైటీలు, తువ్వాళ్లు.
* గేదెలకు ఎండుగడ్డి. పాడి లేకపోతే వరద తర్వాత ఆ ఇల్లు నడవదు.

తిండి సంగతికొస్తే తడి పదార్థాలు వద్దు. అటుకులు, మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లం, చెక్కలు, జంతికలు అయితే రోజుల తరబడి నిలవుంటాయి. పులిహోర తప్పదంటారా? అన్నం పళ్లెంలో పరిచి పూర్తిగా ఆరనివ్వండి. చింతపండు గుజ్జు, నూనె కాస్త ఎక్కువే పట్టించండి. చల్లారాకే పొట్లం కట్టండి, అదీ అరిటాకులో. ఆ పూటకే తినేయమని చెప్పండి.

నీళ్ల విషయంలో జాగ్రత్త

వరద తగ్గుతున్నప్పుడే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మీరు వెళ్లిన లంకలో ఈ నాలుగు మాటలు చెప్పి వచ్చినా పుణ్యమే. నీళ్లలో పటిక తిప్పితే మట్టి అడుక్కు దిగుతుంది గాని క్రిములు చావవు. పైన తేరిన నీళ్లు గుడ్డలో వడకట్టి, తెర్లేదాకా మరగబెట్టాలి. వంట చెయ్యడానికి వీల్లేకపోతే క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి తాగాలి. ఎన్ని నీళ్లకు ఎన్ని బిళ్లలో పొట్లం మీదే ఉంటుంది. విరేచనాలు అవుతుంటే ఓఆర్‌ఎస్ పొడి కలిపి తాగించాలి. అది దొరక్కపోతే లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా సుమండీ, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పసిపిల్ల నీరసించి కళ్లు లోతుకు పోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఇంకో మాట. వరద రోజుల్లో మరుగుదొడ్డి లేక చాలామంది ఆడవాళ్లు మంచినీళ్లు తాగడమే మానేస్తారు. చీకటి పడేదాకా బిగబట్టుకుంటారు. రెండోసారి వెళ్లినప్పుడు మేం ఎత్తుగా ఉన్నచోట నాలుగు వెదురుబొంగులు పాతి, టార్పాలిన్ చుట్టి చాటు కట్టించాం. మేం చేసిన పనులన్నిట్లోకి వాళ్లు ఎక్కువ సంతోషించింది దానికే!

వారం తర్వాత వెళ్లండి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ వంటి నటులు ఊరూరా విరాళాలు పోగుచేశారు. రామకృష్ణ మిషన్ వాళ్లు ఉండిపోయి ఇళ్లు కట్టించి ఇచ్చారు. మొదటి వారం అందరూ వెళ్తారు, ఆ తర్వాత కూడా వెళ్లేవాళ్లు కొందరే. లంకలకు కావాల్సింది ఆ కొందరు.

నీళ్లు తీశాక ఇళ్లలో బురద ఎత్తాలి, బ్లీచింగ్ చల్లాలి. పిల్లల పుస్తకాలు నానిపోయి ఉంటాయి. తడిసిన ఆధార్, రేషన్ కార్డులకు మళ్లీ దరఖాస్తులు రాసిపెట్టాలి. పదో తరగతి చదివిన మన ఆడవాళ్లకు అది పెద్ద పనేం కాదు కదా! ఒంటరిగా వెళ్లనక్కర్లేదు. రెడ్‌క్రాస్ జిల్లా శాఖ, మీ ఊళ్లోని లయన్స్, రోటరీ క్లబ్బులు, మహిళా మండళ్లు ఉన్నాయి. ముందుగా పేరు ఇచ్చి ఉంచితే అవసరం వచ్చినప్పుడు వాళ్లే పిలుస్తారు. వరద నీళ్లలోకి మాత్రం అధికారుల అనుమతి లేకుండా, లైఫ్ జాకెట్ లేకుండా దిగకండి. మనల్ని రక్షించడం వాళ్లకు మరో పని కాకూడదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 308 చదరపు కిలోమీటర్లు దాని కింద ఉంది. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పక్షులకు చోటు కావాలి, మనుషులకు బతుకు కావాలి. ఆ తగువు మీద లంకలో ఏ ఇంటికి వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది. మనం వినాలి గాని తీర్పు చెప్పకూడదు. తీసుకెళ్లిన పాలిథిన్ కవర్లు, నీళ్ల సీసాలు మాత్రం మళ్లీ మనతోనే తెచ్చుకోవాలి.

ఒట్టి చేతులతో పంపరు

సంక్రాంతి ముందు మళ్లీ వెళ్లాం. అప్పుడు చూడాలి కొల్లేరు! చలి పొద్దున మంచులో నీళ్లు తళతళలాడుతుంటే, తెల్లటి కొంగలు బారులు తీరి... వరదలో చూసిన ఊరేనా ఇది అనిపించింది. ఆ పెద్దావిడ ఇంటి గోడ మీద నీటి చార మాత్రం నడుము ఎత్తున ఇంకా ఉంది.

మేం బయల్దేరుతుంటే చేపల బుట్ట ఇచ్చింది. మాలో చేపలు తిననివాళ్లకు అరటిపళ్లు. వద్దంటే ఊరుకోదు. "మీరు పెట్టింది తిన్నాం, మేం పెట్టింది పట్టుకెళ్లరా?" అంది. ఇక మాట్లాడకుండా పుచ్చుకున్నాం.

తర్వాత బీరువా మీద నుంచి ఒక డబ్బా దించి చూపించింది. బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బా. లోపల అర డజను అగ్గిపెట్టెలు, టార్చి, క్లోరిన్ బిళ్లలు. మేం రెండోసారి ఇచ్చినవే! "వచ్చే వానాకాలానికి దాచానమ్మా" అంది.

వానాకాలం మళ్లీ వస్తుంది. మీ వంటింటి అలమారలో కూడా అలాంటి డబ్బా ఒకటి సిద్ధం చేసి పెట్టుకోండి. మీకోసం కాదు, ఏదో ఒక లంక కోసం. పెట్టుకుంటారు కదూ!