పూత కింది గోడ

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టేవానికి కష్టమెంత ఉన్నా ఒక వెసులుబాటు ఉన్నది. తన గోడలో ఏమున్నదో తనకు తెలుసు. ఒకరు కట్టి, ఇంకొకరు మార్చి, మూడవవాడు పూసి అమ్మిన ఇంటిని కొని బాగుచేయబూనినవానికి ఆ భాగ్యం లేదు. వాడు మొదట ఆ ఇంటిని చదువుకోవాలి. ఎక్కడిదాకా మూలం, ఎక్కడినుండి ప్రక్షిప్తం అని తేల్చుకోవాలి. లేఖకుల చేతిలో చెడిన తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుని శ్రమవంటిదే ఇది. అయితే తాళపత్రం నెత్తిన కూలదు.

మేము కొన్న ఇల్లు కర్నూలు పాతపట్టణంలో, హంద్రీకి అట్టే దూరం కాని ఒక సందులో ఉన్నది. రెండడుగుల మందం గల రాతిగోడలు, రాళ్ళ నడుమ బంకమన్ను, పైన సున్నపు గచ్చు. టేకు దూలాల మీద దంతెలు, దంతెల మీద బండలు, ఆపైన చవిటిమన్ను కప్పిన మిద్దె. నేలకు బేతంచెర్ల బండలు. రాయలసీమలో ఇట్టి ఇండ్లు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కమారుగా పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి ఇక్కడివారెవరూ మరచియుండరు. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. మా కుటుంబమంతా బంధువుల మిద్దె మీద రెండు రాత్రులు గడిపినాము. ఆ నీటిలో మునిగిన ఇండ్లలో ఈ ఇల్లు ఒకటి. వరద తరువాత దీనిని చవకగా కొని, కొన్ని నెలలలో బాగుచేయించి, పదేండ్లకు పైగా కాపురముండి, ఆపైన మాకు అమ్మిన పెద్దమనిషి పేరు ఇక్కడ అనవసరం.

మేము గృహప్రవేశం చేసిననాడు గోడలు ఆకాశనీలపు రంగుతో నిగనిగలాడుతున్నవి. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెతకు అర్థం మొదటి వానాకాలానికే తెలిసివచ్చినది. నేలనుండి నడుమెత్తు వరకు రంగు అప్పడంవలె పొంగినది. వేలితో తాకితే పెళ్ళలుగా రాలి, వెనుక తెల్లని పొడి కనిపించేది. మా చిన్నవాడు ఆ పొడిని నాలుకకు తగిలించుకొని ‘ఉప్పు’ అని తీర్పు చెప్పినాడు. రసాయనశాస్త్రం చదువకపోయినా వాడు చెప్పినదే నిజం.

ఒక కాంట్రాక్టరును పిలిచినాము. ఆయన గోడను చూడలేదు, అడుగులు కొలిచినాడు. చెమ్మను ఆపే రంగు రెండు పూతలు, ఆపైన పుట్టీ, నడుమెత్తు వరకు టైల్సు అని లెక్క రాసి ఇచ్చి వెళ్ళినాడు. ఆ లెక్క ఒక అధ్యాపకుని ఆరునెలల జీతం. తరువాత మా అమ్మ తరఫు బంధువొకరు ఒక ముసలి మేస్త్రీని పంపినారు. డెబ్బయి దాటిన మనిషి. ఆయన తాపీ పిడితో గుమ్మం దగ్గరినుండి మూలవరకు తట్టుకుంటూ, చెవి ఒగ్గి వింటూ నడిచినాడు. కొన్నిచోట్ల గట్టి చప్పుడు, చాలాచోట్ల ఖాళీ కుండ చప్పుడు.

“ఇదంతా డొల్ల సారూ. గోడ ఒకచోటుండాది, సిమెంటు ఒకచోటుండాది. ఈ గోడకు ఊపిరి ఆడ్డంలే” అన్నాడు.

ఊపిరి అన్నది అలంకారం కాదని క్రమంగా అర్థమైనది. రాయి, మన్ను, సున్నం కలిసిన పాత గోడలోకి పునాదినుండి కొంత చెమ్మ ఎక్కడం సహజం. ఆ చెమ్మ సున్నపు గచ్చులోని సన్నని రంధ్రాలగుండా ఆవిరై పోతూ ఉంటుంది. సిమెంటు పూత దట్టమైనది గనుక ఆ దారి మూసుకుపోతుంది. దారి మూసినంత మాత్రాన నీరు ఆగదు. ఇంకా పైకి ఎక్కుతుంది, మట్టిలోని లవణాలను వెంట తెస్తుంది. ఆ లవణాలు గోడలో గడ్డకట్టి ఉబ్బి, పూతను బయటకు నెట్టివేస్తాయి. మామూలు గోడ సంగతే ఇది. వరదనీటిలో నానిన గోడను ఆరకముందే సిమెంటుతో మూయడమంటే తడిగుడ్డను సంచిలో కుక్కి మూతి కట్టడమే. ఈ ఇంటికి జరిగినది అదే. పాత యజమాని ఏటేటా రంగు వేయించినాడని ఇరుగుపొరుగు చెప్పినారు. పెళ్ళ ఒకటి ఊడదీసి అంచు చూస్తే పచ్చ, గులాబి, మీగడ, నీలం పొరలు పొరలుగా కనిపించినవి.

సిమెంటును నిందించడం నా ఉద్దేశం కాదు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందిన తరువాత అది లోకాన్నే మార్చినది; మా కళాశాల భవనం దాని మీదనే నిలిచి ఉన్నది. అంతకుముందు లోకం నిలిచినది సున్నం మీద. 1591 నాటి చార్మినారు అట్టిదే. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి పోతుంది. నీటితో చల్లార్చి గోడకు పూస్తే ఆ గాలినే మళ్ళీ మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. ఈ గోడ రెండవ జాతిది. దానికి మొదటి జాతి వైద్యం చేసినారు.

సిమెంటు పూతను ఉలితో వొలుస్తున్నప్పుడు మరికొన్ని వింతలు బయటపడినవి. స్విచ్చిబోర్డులో పచ్చని ఎర్తు తీగ పద్ధతిగా బిగించి ఉన్నది. గోడలోకి నాలుగంగుళాలు పోయి అక్కడ తెగి ఉన్నది. దానిని ఎక్కడా కలపలేదు. మిద్దెమీది వాననీరు పోయే తూముకు అడ్డంగా కొత్త పిట్టగోడ లేపి, నీటిని వాలు లేని గొట్టంలోకి మళ్ళించినారు. వీటిని చూచి నవ్వుకోగలిగినాము. మూడవదానిని చూచి నవ్వు రాలేదు.

నడిమి గదిలో దూలం గోడలో చేరేచోట చుట్టూ ప్లైవుడ్ పెట్టె ఒకటి ఉండేది. టేకు రంగు పూసి, నగిషీ పట్టీ కొట్టి ఉన్నది. చూచినవారంతా బాగున్నదనేవారు. మేస్త్రీకి మాత్రం అది నచ్చలేదు. “ఆ దూలానికి ఈడ ఒక్కచోటే ఎందుకు సింగారం?” అని పెట్టె ఊడదీయించినాడు. లోపల దూలం మొన అడుగున్నర మేర కుళ్ళి, చెదలు తిని, చేతితో నలిపితే కాఫీపొడివలె రాలినది. దాని కింద గోడ రంధ్రంలో సిమెంటు కుక్కి ఉన్నది. మిద్దె బరువులో ఆ వైపు భాగమంతా ఆ పొడి మీద, ఆ ముద్ద మీద ఆని ఉన్నది. ఆ దూలం కిందనే మా అమ్మ మంచం.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మంచం వేరే గదికి మార్చినా నిద్రపోలేదు.

పాత యజమానిని గురించి ఎదురింటి వృద్ధురాలు చెప్పినది విన్నాను. వరద తీసిన తరువాత ఈ ఇంట్లో మోకాలిలోతు బురద ఉండినదట. బజారులో కూలివాడు దొరకని రోజులు అవి. కూతురి పెండ్లి కుదిరి ఉన్నది, అద్దె ఇల్లు ఖాళీ చేయవలసి ఉన్నది. గోడ ఆరేవరకు ఏడాది ఆగవలసినదని ఇప్పుడు నేను తీరికగా రాయగలను గాని, అప్పుడాయనకు ఆ మాట చెప్పేవాడు లేడు, చెప్పినా ఆగే వ్యవధి లేదు. కనుక సిమెంటు పూత విషయంలో ఆయన మీద నాకు కోపం లేదు. నగరమంతా ఆ యేడు అట్లే పూసుకున్నది. ఎర్తు తీగ సంగతి ఆయనకు తెలియకనే పోవచ్చు. ఆ పెట్టె మాటనే నేను వదలలేకపోతున్నాను. పెట్టె కొట్టించినవాడు కుళ్ళును చూడకుండా కొట్టించలేడు. చూచినాడు, కొలత తీయించినాడు, నగిషీ పట్టీ ఏరుకున్నాడు. పదేండ్లు దాని కింద తానూ పడుకున్నాడని కొందరు ఆయన పక్షాన అంటారు. పడుకొని ఉండవచ్చు. అమ్మేనాడు నోరు విప్పలేదు.

మా అమ్మ ఈ వాదాలన్నీ విని ఉర్దూలో ఒక్క మాట అన్నది: “ఐబు చెప్పి అమ్మవలె బేటా. చెప్పిన తరువాత ఐబు కొన్నవానిది.”

మరమ్మత్తు అన్న మాట మనకు అరబీనుండి ఉర్దూ మీదుగా వచ్చినది. పునాది, దర్వాజా పారశీకంనుండి వచ్చినవి. గోడ, కప్పు, దూలం మన తెలుగువే. ఉర్దూ, తెలుగు పుటలు ఒకే అట్టలో కుట్టే ఈ సంచికకు రాస్తున్నాను గనుక ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయినాను.

పని మొదలైనది. దూలం కింద ఆసరాకట్టెలు నిలిపి, కుళ్ళిన మేరకు కోసివేసి, ఇరుప్రక్కల ఇనుప పలకలతో కొత్త టేకు ముక్కను బిగించినారు. గోడలో రాతి దిమ్మె వేసి దాని మీద మొనను కూర్చోబెట్టి, చుట్టూ రెండు వ్రేళ్ళ సందు గాలికి వదిలినారు. తూము తెరిచినారు. తీగ సంగతి ఎలక్ట్రీషియను ఒక పూటలో ముగించినాడు. ఇక గోడ.

మేస్త్రీ దానిని సిగ్గు విడిచినట్లు నడుమెత్తు వరకు ఒలిచి, ఎండాకాలమంతా అట్లే ఉంచమన్నాడు. వచ్చినవారంతా ఇల్లు పడగొడుతున్నారా అని అడిగేవారు. పండుగకు బంధువులు వస్తారని, కనీసం ముందుగదికైనా పూయించమని ఇంట్లో ఒత్తిడి పెరిగినది. “ఎండను పని చేయనీండి సారూ, దానికి కూలి లేదు” అన్నాడాయన. కర్నూలు ఎండను గురించి మంచి మాట వినడం నాకు అదే మొదలు. కిటికీలు తెరిచి, రాళ్ళ సందుల్లో మెత్తబడిన మన్ను గీకి తీసి, బయటికి వచ్చిన ఉప్పును పొడి కుంచెతో వారం వారం ఊడ్చినాము. ఆ పనిలో మా పిల్లలు నాకంటె శ్రద్ధ చూపినారు.

సున్నం విషయంలో ఆయన సంచి సరుకును ఒప్పుకోలేదు. కాల్చిన రాయి తెప్పించి తొట్టిలో నీళ్ళు పోసి చల్లార్చితే ఎసరువలె కుతకుతలాడినది. దానిని మూడు వారాలు నీటి కింద ఉంచినాడు. ఎద్దుల గానుగ ఇప్పుడెక్కడిది? ఒక పాలు సున్నానికి మూడుపాళ్ళ ఇసుక కలిపి, కరక్కాయలు నానిన నీరు, కొంచెం బెల్లం చేర్చి, ఇద్దరు మనుషులు రోకళ్ళతో దంచినారు. పలుచగా పూయడం, తడిపిన గోనెలు కప్పడం, కొన్నాళ్ళు ఆగడం, మళ్ళీ పూయడం. సిమెంటుకు మూడు రోజులు పట్టేచోట ఇది నెలన్నర తీసుకున్నది. ఖర్చు కాంట్రాక్టరు లెక్కకు సగంకంటె కొంచెమెక్కువ. అందులో కూలి భాగమే పెద్దది. నడిమి గది, ముందుగది పూర్తయినవి. వాటి మీద ఒక వానాకాలం గడిచినది. ఒకచోట అరచేయంత మరక వచ్చినది, ఎండ కాయగానే దానంతట అదే పోయినది. అట్లే వస్తుంది, పోతుంది, రంగు మాత్రం వేయవద్దు, ఏడాదికొకసారి వెల్లవేయమని మేస్త్రీ ఆజ్ఞ.

ఇంటి దస్తావేజులతోపాటు ఒక నోటుపుస్తకం పెట్టినాను. ఏ గోడలో తీగ ఎటు పోయినది, గొట్టం ఎక్కడ మలుపు తిరిగినది, దూలం అతుకు ఎక్కడ, దాని బోల్టులు ఎన్ని, ఏ భాగం ఇంకా సిమెంటు కిందనే ఉన్నది — అన్నీ పటాలు గీసి రాసినాను. నా చిత్రలేఖనం చూచి మా పిల్లలు నవ్వుతారు. అక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నవి. ఉర్దూలోను, తెలుగులోను రాసినాను, ఈ ఇల్లు రేపు ఎవరి చేతికి పోతుందో తెలియదు గనుక.

ఉత్తరపు గది మిగిలి ఉన్నది. మార్చి నెలలో వస్తానని మేస్త్రీ కబురు చేసినాడు. ఆ గోడకు ఆనించిన నా పుస్తకాల బీరువాను అంతలోగా జరపవలె.